అందిందని చెప్పే ముందు

మా అక్క పదకొండేళ్లు బ్లాక్‌చెయిన్ అడుగున పనిచేసింది. మందుల పెట్టె ఫ్యాక్టరీ వదిలిన దగ్గర్నుంచి రోగి చేతికి చేరేదాకా ప్రతి మజిలీనీ రాసుకునే చిట్టా అది. ఒకే చిట్టా నలభై కంప్యూటర్లలో ఉంటుంది. వాటిలో ఎక్కువ భాగం ఒప్పుకుంటేనే కొత్త వివరం నిలుస్తుంది. వాటిని ఒప్పించే పని అక్కది. రోజూ భోజనం కాగానే చెప్పాపెట్టకుండా ఏదో ఒక కంప్యూటరు వైరు పీకేసి, మిగతావి తడబడతాయా అని చూసేది. తడబడకపోతే ఆ పూటంతా అక్క మొహం వెలిగిపోయేది. చెల్లెల్ని కాబట్టి చెబుతున్నాను, పిచ్చి మనిషి.

నాదీ అదే కంపెనీ, పై అంతస్తు. రెడీమేడ్ ముక్కలన్నీ ఉన్న ఫ్రేమ్‌వర్కుతో, మందులు తెప్పించుకునే ఫోను యాప్‌కి తెరలు కట్టడం నా పని. నాలుగు రోజులు కూర్చుంటే ఒక తెర తయారు. నేను చేసింది అమ్మ ఫోనులో ఉంటుంది, వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంది. "పెద్దది ఏం చేస్తుందో మరి, పొద్దస్తమానం ఆఫీసులోనే ఉంటుంది" అంటుంది. అక్క వింటూ నవ్వేది. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

పోయిన నెల, కింది అంతస్తు టీములోంచి ఒకరిని మా టీములోకి రమ్మన్నారు. అక్కనే అడిగారు. శుక్రవారంలోగా తేల్చుకోవాలి. వచ్చాక మళ్లీ వెనక్కి వెళ్లడం ఉండదు, ఆ కుర్చీ వేరేవాళ్లకి ఇచ్చేస్తారు.

"ఏం చెయ్యనే?" అంది అక్క క్యాంటీనులో.

"వచ్చెయ్యక్కా. ఆ పాతాళంలో ఎంత కష్టపడినా నిన్నెవరు చూస్తారు?"

"ఒక్కసారి అమ్మ నేను చేసినదాని మీద వేలు పెడితే చాలే." ముప్పై తొమ్మిదేళ్ల మనిషి, చిన్నపిల్లలా అంది.

వచ్చింది. తొలి పని, మందులు ఇంటికి చేరాక నొక్కే 'అందింది' మీట. నొక్కగానే పచ్చ టిక్కు పడాలి. ఫ్రేమ్‌వర్కులో అది సిద్ధంగానే ఉంది. అక్క ఊరుకుంటుందా? కింద కంప్యూటర్లు ఒప్పుకున్నాకే టిక్కు పడేట్టు రాసింది. ఏడు సెకన్లు పట్టేది. అమ్మ నొక్కింది, చూసింది, మళ్లీ నొక్కింది, మూడోసారి గట్టిగా నొక్కింది. "పాడైపోయిందే ఇది" అంది.

మా మేనేజరుదీ అదే మాట. "ముందు టిక్కు వెయ్యమ్మా, మిగతాది వెనకాల జరుగుతుంది."

"చేరకముందే చేరిందని ఎలా చెప్తామండీ?" అంది అక్క. ఆ రోజంతా కిందికి దిగే మెట్ల దగ్గర తచ్చాడింది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. సాయంత్రం, టిక్కుని ఆపేలా తను రాసిన నాలుగు వరసల కోడూ తీసేసింది.

ఆదివారం అమ్మకి మందులొచ్చాయి. నొక్కింది. టక్కున టిక్కు పడింది. అమ్మ మొహం విప్పారింది.

"ఇప్పుడు బాగుందే! అచ్చం చెల్లి చేసినట్టే ఉంది."

అక్క ఫోను తీసుకుని, తెరను బొటనవేలితో తుడిచింది.

"అందులో నాది ఒక్కటే ఉండేదమ్మా," అంది. "నీకు పాడైనట్టు కనిపించిందే, అదే."