మళ్లీ విప్పేవాడు

తొంభైల్లో, జి.మాడుగుల నుంచి పాడేరు వస్తుంటే మా జీపు సైలెన్సర్ ఊడి వేలాడింది. తుప్పుతో బిగుసుకుపోయిన బోల్టుల్ని డ్రైవర్ రంపంతో కోసి తీసేసరికి గంట దాటింది. నేను రోడ్డు మీద నిలవలేక అటూ ఇటూ తిరుగుతున్నాను.

కొత్త బోల్టులకు అతను గ్రీజు రాయబోతుంటే, మాతో వస్తున్న ఒక పెద్దాయన ఆపాడు.

"గ్రీజొద్దు బాబూ, ఆ యేడికి మాడిపోతాది."

తన సంచిలోంచి వేడికి మాడని రాగిరంగు పేస్టు డబ్బా తీసి, బోల్టుల మరల మీద పల్చగా పూయసాగాడు.

"ఏదో ఒకటి రాసి బేగి బిగించండి!" అని కసిరాను.

"మళ్లీ ఇప్పేవోడూ మనిసే గదండీ," అన్నాడాయన తలెత్తకుండానే. "ఇలాటి బోల్టు ఇప్పుతుంటేనే నా యేలు పోనాది."

అప్పుడు చూశాను, కుడిచేతికి చూపుడువేలు లేదు.

ఆవేళ నా తొందర దేనికో ఇప్పుడు గుర్తులేదు. ఆయన పక్కన కూర్చుని, మిగిలిన బోల్టులు తుడిచి ఒక్కొక్కటే అందించాను.