సెలవుల తర్వాత పుట్టిన మూలకం

ఇప్పుడు పిల్లలు బొటనవేలితో ఫోన్‌ను అటూ ఇటూ తోసి లోకమంతా చూసేస్తున్నారు గానీ, మేం ఉద్యోగాల్లో కొత్తగా కుదురుకుంటున్న ఆ రోజుల్లో కంప్యూటర్ ఉన్న గదంటే గర్భగుడితో సమానం. చెప్పులు బయటే విడవాలి. దుమ్ము పడకుండా మానిటర్ మీద పూల గుడ్డ కప్పాలి. పులివెందుల వైపు ఒక చిన్న ఊళ్లో నేను కెమిస్ట్రీ చెప్పిన ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆ గది తాళంచెవి సాక్షాత్తూ కరస్పాండెంట్ గారి మొలతాడుకు వేలాడేది. ఆయన్ను ఊరంతా శెట్టిగారనేవాళ్లు. కింద ఆయన ఎరువుల దుకాణం, పైన మా కాలేజీ. (కింద నుంచి ఎరువుల ఘాటు వస్తుంటే పైన నేను నత్రజని పాఠం చెప్పేదాన్ని. ప్రయోగశాల లేని లోటు అలా కొంత తీరేది.)

గండాన్ని కోరి తెచ్చుకున్నది నేనే. హైదరాబాద్‌లో చదువుతున్న స్నేహితురాలు ఒక సీడీ పంపింది. అందులోని ప్రోగ్రాంలో ఏ మూలకం మీద నొక్కినా దాని గుణగణాలన్నీ తెరమీదికి వచ్చేవి. కరిగే ఉష్ణోగ్రతో, సాంద్రతో, పరమాణు భారమో ఒకటి ఎంచుకుంటే చాలు, మూలకాలన్నీ రంగురంగుల చుక్కలై గ్రాఫులో తమ తమ చోట్ల కూర్చునేవి. నల్లబల్ల మీద నేను గంటసేపు సుద్ద అరగదీసినా అర్థం కాని సంగతి ఒక్క నొక్కుతో కనిపించేసరికి, సంతోషం పట్టలేక శెట్టిగారికి చూపించాను. ఆయన చాలాసేపు గడ్డం నిమురుకున్నారు. అప్పటికే పిల్లల్ని కడపలో పెద్ద కాలేజీలకు మార్చాలని కొందరు తల్లిదండ్రులు గొణుగుతున్నారు. "దసరా సెలవులైనాక అందర్నీ పిలుస్తా. నువ్వు ఈ చుక్కలాట చూపించు. సక్కగా కాలేదంటే, చూడమ్మా, దీపావళికి ఇంకో మనిషిని ఎతుక్కోవాల్సి వస్తాది" అన్నారు, యూరియా బస్తా పక్కకు జరపమన్నంత మామూలుగా.

మాది కర్నూలు జిల్లా ఆలూరు. వాన పడితేనే పంట పండే రెండు చెక్కల పొలం మాది. మా ఇంట్లో సుద్దముక్క పట్టి జీతం తెచ్చిన మొదటి మనిషిని నేను. నాకు ఉద్యోగం రావాలని మా చర్చిలో అందరూ ప్రార్థన చేశారు, వచ్చాక కృతజ్ఞత కూడికా పెట్టారు. ఇప్పుడు పోయిందని చెబితే దానికి ఏ కూడిక పెడతారు? సెలవులకు ఇంటికి వెళ్లానేగానీ ధ్యాసంతా ఆ గదిలోనే. ఏది నొక్కాక ఏది నొక్కాలో మననం చేసుకుంటూ జొన్నపిండి ముందు కూర్చుంటే మా అమ్మ, "పిండిని మెదపమంటే ఏలుతో పొడుస్తాండావేమే?" అని కసిరింది. చేతిలో మౌసు లేక పిండి దొరికిందని ఆమెకు ఎలా చెప్పేది?

ఆ రోజు రానే వచ్చింది. నేనెక్కిన బస్సు దారిలో మొరాయించి, నేను కాలేజీ మెట్లెక్కేసరికి గదంతా జనం. వెనక బెంచీలో శెట్టిగారు, ముందు తలపాగాలు, కొంగులు కప్పుకున్న తల్లులు. ఉన్నది ఒక్క మానిటరే కాబట్టి అందరూ మెడలు చాచి ఉన్నారు. కరెంటు ఉంది. (అందుకే ఇంకా భయమేసింది. ఏ క్షణాన పోతుందో అని.) పూల గుడ్డ తీసి, సీడీ వేసి, కరిగే ఉష్ణోగ్రతల గ్రాఫు తెరిచాను. పరమాణు సంఖ్యల వరస యురేనియం దగ్గర ఆగేలా సెలవులకు ముందే అమర్చి పెట్టుకున్నాను. చుక్కలు బారులు తీరాయి. ఎడమవైపు పైన కార్బన్, కుడివైపు పైన టంగ్‌స్టన్. అంతా బాగుంది అనుకునేలోగా ఇంకొకటి కంటపడింది. ఆ రెంటికీ మధ్య, అన్నిటికంటే ఎత్తున, నిగనిగలాడుతూ ఒక ఎర్ర చుక్క. సెలవులకు ముందు ఆ మూలకం లేదు!

చుక్క మీద మౌసు పెడితే మూలకం పేరు రావాలి. మెల్లగా బాణాన్ని దాని మీదికి తీసుకెళ్లాను. పేరు రాలేదు. ఇంకోసారి పెట్టాను. మూగనోము పట్టినట్టే ఉంది. సీడీ మీద గీత పడిందా, నేనేమైనా తప్పు నొక్కానా, వారం రోజుల్లో ఎవరైనా కొత్త మూలకం కనిపెట్టారా (కనిపెడితే మాత్రం మా సీడీలోకి ఎలా వచ్చింది?) అని ఆలోచిస్తుండగా, ముందు వరసలోంచి ఒక పెద్దాయన చెయ్యెత్తాడు. తుమ్మలపల్లె పక్క ఊరాయన, మనవరాలు నా క్లాసులోనే.

"అమ్మా, మా పక్క తవ్వుతాండారే యురేనియం, అది యాడుండాది?"

తెలిసిన ప్రశ్న రావడంతో ప్రాణం లేచొచ్చింది. కుడివైపు చివర, మధ్య ఎత్తులో ఉన్న చుక్కను చూపించాను. ఆయన ముఖం చిన్నబోయింది.

"అంత హడావుడి చేసి, నడిమధ్యన ఉండాదా? ఆ పైన ఎర్రంగా ఉండేది మాది గాదా?"

"కాదు పెద్దాయనా. ఇది కరిగే వేడి లెక్క. బరువు లెక్కలో చూడండి, మీదే అందరికంటే పైన" అని పరమాణు భారం నొక్కాను. చుక్కలన్నీ లేచి ఏటవాలుగా మెట్లెక్కినట్టు నిలబడ్డాయి. చిట్టచివర, కొసన, యురేనియం.

"ఆ, అట్ల చెప్పు!" అని ఆయన పక్కవాళ్ల వైపు మీసం దువ్వుకుంటూ చూశాడు. అంతలోనే కళ్లు చిట్లించాడు. "అన్నీ కదిలినాయి గానీ, ఆ ఎర్రది కదల్లేదేందమ్మా?"

నిజమే. సాంద్రత నొక్కాను. కదల్లేదు. పరమాణు పరిమాణం నొక్కాను. కదల్లేదు. వెనక నుంచి శెట్టిగారి దగ్గు వినిపించింది. నాకది దీపావళి టపాసులా పేలింది. ఏదో ఒక పేరు చెప్పేద్దామా అని నోటిదాకా వచ్చింది. వాళ్లకెలా తెలుస్తుంది? కానీ ఆయన మనవరాలు ఎదురుగా పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని, నేనేం చెబితే అది రాసుకోవడానికి సిద్ధంగా కూర్చుంది.

"నాకు తెలీదు పెద్దాయనా" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. "ఇట్లాంటి మూలకం ఏదీ లేదు."

శెట్టిగారు లేచారు. నేల మీద ఆయన వట్టికాళ్ల చప్పుడు ఒక్కో అడుగే దగ్గరికొచ్చింది. జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకుని, మానిటర్‌కు ముక్కు ఆనేంత దగ్గరికి వంగారు.

"ఇదా? ఇది నేను పెట్టిన బొట్టమ్మా! ఆయుధపూజ నాడు పెట్టింటి. కుంకమైతే రాలి మిషన్లోకి పోతాదని, మా ఇంటామె తిలకం సీసా తెచ్చి, అగ్గిపుల్లతో గుండ్రంగా పెడితి. సక్కగా కుదరలే?"

గది గదంతా ఘొల్లుమంది. పూజ నాడు నేను ఆలూరులో పిండి పొడుస్తున్నాను. మా ఇంట్లో బొట్టు అలవాటే లేదాయె, నాకెలా తడుతుంది? సిగ్గుతో చున్నీ కొసతో తుడవబోయాను. "అయ్యయ్యో, బొట్టు తుడుస్తారామ్మా!" అని తల్లులంతా ఒక్క గొంతుతో అరిచారు. శెట్టిగారు నా చేతికి అడ్డం పడ్డారు. చివరికి ప్రోగ్రాం కిటికీని కిందికి లాగి, చిన్నది చేసి, మూలకాలన్నిటినీ బొట్టు కింద సర్దాను. పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి నా గొంతు నాకు వినిపించింది.

అందరూ వెళ్లాక శెట్టిగారు గదికి తాళం వేస్తూ, "రేపట్నుంచి రెండో సంవత్సరం పిల్లలకు గూడా నువ్వే చెప్పు" అన్నారు. నాకు ముందుగా అర్థం కాలేదు.

"అంటే... నన్ను తీసేయడం లేదా సార్?"

"తీసేసేదేంది? ఎవరన్నారు?"

"మీరే సార్. దీపావళికి ఇంకో మనిషిని చూసుకుంటానని..."

ఆయన నిజంగానే ఆలోచించారు. తాళంచెవి మొలతాడుకు కట్టుకుంటూ, ఇంకా ఆలోచించారు. "నేనా? ఎప్పుడంటి?" అని కింద దుకాణంలో ఎవరో డీఏపీ బస్తా అడుగుతున్నారని గబగబా మెట్లు దిగిపోయారు. నాకు తిండీ నిద్రా లేకుండా చేసిన మాట ఆయన నోట్లోంచి వచ్చి, గుమ్మం దాటకముందే ఆయనకు గుర్తు లేకుండా పోయింది.

తర్వాత నేను పాఠాలు వదిలి పత్రికలోకి వచ్చాను. ఇప్పుడు డెస్కులో నలుగురికి పని చెప్పే కుర్చీ నాది. ఈమధ్య ఒక కొత్తమ్మాయి కళ్లు ఎర్రబడి, పేజీ పట్టుకొచ్చి, "మేడమ్, మీరు మొన్న అన్నారని మొత్తం మళ్లీ రాశాను. ఈసారైనా ఉంచుతారా?" అంది. పేజీనా, తననా అని అడగబోయి, ఆ పిల్ల ముఖం చూసి ఆగాను. కూర్చోమని చెప్పి, టీ తెప్పించాను. ఆ అమ్మాయి తాగుతున్నంతసేపూ, అసలు మొన్న నేనేమన్నానా అని ఎంత తడుముకున్నా నాకు గుర్తు రాలేదు.