ఎడారిలో కోసిన సీటు

ఆవిడకి పేరు లేక కాదు, పిలిచేవాళ్లు లేక అది మూలపడింది. ఊళ్లో అందరికీ ఆవిడ సీటక్క. పాలు పోసేవాళ్ల బండికి సీటు పొడవు పెంచాలన్నా, వానకి నాని చిరిగిన రెక్సిన్ మార్చాలన్నా, కొత్తగా పెళ్లయినవాడు వెనక సీటు కాస్త మెత్తగా వేయించుకోవాలన్నా బస్టాండు వెనక ఉన్న ఆ ఇరుకు షాపుకే రావాలి. తలుపు పక్కన కుట్టుమిషను, గోడకి చేరేసిన రెక్సిన్ చుట్టలు, జిగురు వాసన, ఎంత ఊడ్చినా కాళ్లకి తగులుతూనే ఉండే స్పాంజి ముక్కలు. తండ్రి పోయాక ఆవిడ ఆ మిషను ముందు కూర్చుంది, తమ్ముడు బడికి వెళ్లాడు. పెళ్లి మాట ఎత్తినవాళ్లని ఎత్తిన చోటే దింపేసింది. ఇప్పుడు యాభై దాటాయి. మనిషి పొట్టి, నోరు పొడుగు అని గిట్టనివాళ్లు అంటారు. గిట్టినవాళ్లు కూడా అంటారనుకోండి, కాకపోతే నవ్వుతూ అంటారు.

జీవితమంతా ఊరివాళ్ల బండ్ల మీద కూర్చుంది గానీ, స్టాండు వేసి ఉన్నప్పుడే. నడిపింది లేదు. అలాంటిది, బదిలీ అయి వెళ్లిపోతున్న ఓ సర్వేయరు తన బండి అమ్మేస్తానంటే, నేను కొంటాను అనేసింది. మామూలు బండి కాదది. రాళ్లలో, ఇసుకలో తిరగడానికి చేసిన ఎత్తు బండి. నిలబెడితే ఆవిడ నడుం దాటి ఉంటుంది. తమ్ముడు నోరెళ్లబెట్టాడు. అయినా అక్క మాట తీసెయ్యలేక, ఖాళీ సంత మైదానంలో తనే పక్కన పరిగెత్తి నేర్పించాడు. అప్పటికి ఆవిడకి లైసెన్సు లేదు కదా అని కాగితాలు తమ్ముడి పేరు మీదే రాయించారు. మన సీటక్క చేసిన తెలివితక్కువ పనుల్లో అది పెద్దది. రెండోది కూడా ఉంది, అది సీటు సంగతి.

బండి చేతికొచ్చిన వారానికే దానికి కొత్త సీటు కుట్టింది. మూడు వరసల స్పాంజి, నీళ్లు దిగని రెక్సిన్, అంచు చుట్టూ ఎర్ర పైపింగు. ఆ సీటు చూసి దారినపోయేవాళ్లు ఆగేవాళ్లు. అంతా బాగానే ఉంది, కూర్చుంటే మాత్రం కాలి బొటనవేళ్లు తప్ప నేలకి ఆనేది ఏమీ లేదు. ఎత్తు తక్కువ మనుషులు వచ్చి "కాలు అందట్లేదక్కా" అంటే సీటు విప్పి, స్పాంజి కోసి, మళ్లీ బిగించి ఇవ్వడం ఆవిడకి అలవాటైన పనే. మరి తన సీటు ఎందుకు కోసుకోలేదు అంటారా? అక్కడే ఉంది తిరకాసు. కొత్త సీటు వేసిన మొదటి రోజే తమ్ముడు అన్నాడు: "నువ్వు పొట్టిదానివక్కా. ఆ సీటన్నా కొయ్యి, బండన్నా అమ్మెయ్యి." అంతే. ఇక ఆ సీటు జోలికి పోలేదు. కొయ్యడమంటే తమ్ముడి మాటకి తల ఊపడమే అనుకుంది. రోషం అలాంటిది.

గాలుల కాలం మొదలవ్వకముందు ఇద్దరూ కలిసి ఎడారి అంచుదాకా వెళ్లారు, ఆవిడ బండి మీద, వాడు తన పికప్పులో. ముందు చక్రం మెత్తటి ఇసుకలో కూరుకుపోయి బండి ఆగింది. కాలు కింద పెట్టబోతే నేల అందలేదు. కాలర్ ఎముక విరిగింది. తమ్ముడే బండిని పైకి లేపి, అక్కని లేపి, రెండింటినీ పికప్పులో వేసుకుని ఇంటికి తెచ్చాడు. అంతవరకు వాడికి దండం పెట్టాలి. కానీ ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా ఆ కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఉత్తినే చెప్పడం కాదు, లేచి నిలబడి అక్క ఎలా పక్కకి ఒరిగిందో, ఎలా "ఒరేయ్" అని అరిచిందో, తను బండిని ఎలా లేపాడో చేసి చూపించేవాడు. వచ్చినవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. మరదలు కొంగు అడ్డం పెట్టుకునేది. చేతికి కట్టుతో మూల కుర్చీలో కూర్చున్న సీటక్కకి ఎముక నొప్పి కంటే ఆ నవ్వులే ఎక్కువ నొప్పి పెట్టాయి.

ఎముక అతుక్కుంది. బండి మీద కప్పిన గుడ్డ తీసి తుడుస్తుంటే తమ్ముడు వచ్చాడు.

"అక్కా, ఇక చాలు. దీన్ని అడిగేవాళ్లున్నారు. ఇచ్చేద్దాం."

"నా బండి ఇవ్వడానికి నువ్వెవడివిరా?"

"కాగితాల్లో నేనే కదా," అన్నాడు వాడు. అన్నాక వాడికే ఎలాగో అనిపించి మెత్తబడ్డాడు. "పోనీ ఒక పని చెయ్యి. ఇసుక దారిలో సముద్రం దాకా వెళ్లి, ఎవరి చెయ్యీ పడకుండా తిరిగి రా. వచ్చావా, ఈ బండి ఊసు నేనెత్తను. దారిలో పడి నాకు ఫోను చేశావో, సోమవారం బండి వెళ్లిపోతుంది."

"వెళ్తాను," అంది.

"అత్తా, నిజంగా వెళ్తావా?" అంది తలుపు దగ్గర నిలబడ్డ మేనకోడలు.

"వెళ్లకపోతే మీ నాన్న నా చావు దాకా ఆ నాటకం ఆడతాడే."

ఆదివారం తెల్లవారుతుండగా బయల్దేరింది. సముద్రానికి రెండు దారులు. ఒకటి ఎడారిని చుట్టి వెళ్లే తారు రోడ్డు. రెండోది ఒకప్పుడు ఉప్పు లారీలు నడిచిన దారి, ఇప్పుడు గాలి దయ ఉంటే కనపడుతుంది, లేకపోతే లేదు. ఊరి చివర పెట్రోలు పోయించుకుని, ఇసుక మొదలయ్యే చోట ఆగి, టైర్లలో గాలి కొంత తీసేసింది. చక్రం కాస్త చప్పబడితే ఇసుక మీద పరుచుకుని నడుస్తుంది, గట్టిగా ఉంటే దిగబడుతుంది.

మొదట్లో హాయిగా సాగింది. నేల గట్టిగా ఉంది, ఎండ ఇంకా ముదరలేదు. కాళ్లు ఫుట్ రెస్టుల మీద ఆనించి నిలబడి నడుపుతుంటే ఒళ్లంతా తేలికైపోయింది. "ఏంట్రా నీ గొప్ప?" అని తమ్ముడిని ఎదురుగా లేకుండానే నాలుగు దులిపింది. ఎడారిలో ఎంత అరిచినా కాదనేవాడు ఉండడు. ఆ సుఖం ఆవిడకి బాగా నచ్చింది.

తర్వాత దిబ్బలొచ్చాయి. పిండి లాంటి ఇసుక. వేగం ఉన్నంతసేపు బండి తేలుతూ పోయింది. ఒక దిబ్బ దిగాక దారి ఎటుపోయిందో తెలియక ఆపాల్సి వచ్చింది. ఆపగానే ఎడమకాలు గాల్లో ఆడింది, బండి మెల్లగా ఒరిగింది, ఆవిడ పక్కకి దొర్లింది. దెబ్బ తగల్లేదు. లేచి, బండికి వీపు ఆనించి, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో వెనక కమ్మీ పట్టుకుని, మోకాళ్ల బలంతో వెనక్కి అడుగులేస్తూ లేపింది. ఇది ఎవరూ నేర్పింది కాదు. కట్టు కట్టుకుని కూర్చున్న రోజుల్లో తమ్ముడు ఎలా లేపాడో పదేపదే చేసి చూపించాడు కదా, ఆ నాటకంలో పనికొచ్చిన ముక్క ఇదొక్కటే.

కాస్త దూరం పోయాక మళ్లీ పడింది. మళ్లీ లేపింది. ఆ తర్వాత ఇంకోసారి. ఈసారి లేపేసరికి తల ప్రాణం తోకకి వచ్చింది. అతుక్కున్న ఎముక సలుపుతోంది. బండికి స్టాండు వేసి, అది ఇసుకలో దిగకుండా చప్పటి రాయొకటి కింద పెట్టి, బండి నీడలో కూలబడి నీళ్లు తాగింది. ఫోను తీసి చూసింది. సిగ్నలు ఉంది. లేకపోతే బాగుండేది. చెయ్యి ఆ ఫోను చుట్టూ తిరగడం చూసి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఫోను సంచిలో కుక్కి బండి వైపు చూసింది. మూడు వరసల స్పాంజి, ఎర్ర పైపింగు. ఎవరైనా షాపుకి ఈ బండి తెచ్చి, ఆగినప్పుడల్లా పడిపోతున్నానని చెబితే ఏమనేది? "ముందు ఆ సీటు కోద్దాం, ఆ తర్వాత మాట్లాడు," అనేది. ఒక్క క్షణం కూడా ఆలోచించేది కాదు. తమ్ముడు చెప్పాడని కొయ్యలేదు. అంటే ఇన్నాళ్లూ ఆ సీటు ఎత్తు నిర్ణయించింది తను కాదు, వాడే. వాడి మాటకి ఎదురు తిరగడం కూడా వాడి మాట చుట్టూ తిరగడమే కదా అని తట్టేసరికి ఆవిడకి కడుపు మండిపోయింది. నవ్వు కూడా వచ్చింది.

"పొట్టిదాన్నే," అంది గట్టిగా. దిబ్బలు కాదనలేదు. "అయితే ఏంటి? ఈ పొట్టిది కూర్చునే సీటు ఈ పొట్టిదే కోసుకుంటుంది."

పనిముట్ల సంచి విప్పింది. బోల్టులు తీసి సీటు ఒళ్లో పెట్టుకుంది. స్క్రూడ్రైవరుతో అడుగున ఉన్న పిన్నులు ఒక్కొక్కటే లేపి రెక్సిన్ వెనక్కి మడిచింది. ఆ పిన్నులు కొట్టిన రోజు ఎంత మురిసిపోయిందో గుర్తొచ్చింది. ఏడ్చింది, చూసేవాళ్లు లేరు కాబట్టి కాస్త తీరిగ్గానే. తర్వాత ముక్కు తుడుచుకుని కట్టరు పట్టింది. పై వరస పూర్తిగా పోయింది. రెండో వరసలో సగం పోయింది. ముందువైపు, తొడలు ఆనే చోట, రెండు పక్కలా ఏటవాలుగా చెక్కింది. కాళ్లు తిన్నగా కిందికి దిగాలంటే ఎత్తు తగ్గిస్తే చాలదు, వెడల్పూ తగ్గాలి. మళ్లీ పిన్నులు కొట్టే గన్ను షాపులో ఉంది. అందుకని రెక్సిన్ లాగిపట్టి, నైలాను తాడుతో అడుగున అటూ ఇటూ అల్లి బిగించింది. మిగిలిన రెక్సిన్ ముడతలు పడింది, ఎర్ర పైపింగు వంకర తిరిగింది. తన చేతుల్లోంచి ఇంత వికారమైన సీటు ఎప్పుడూ రాలేదు. కోసిన స్పాంజి సంచిలో కుక్కి, సీటు బిగించి, ఎక్కి కూర్చుంది.

రెండు పాదాలూ ఆనాయి. వేళ్లు కాదు, పాదాలు.

మిగతా ఇసుకంతా తిట్టుకుంటూ, పాడుకుంటూ దాటింది. ఆగాల్సిన చోట ఆగింది, కాలు పెట్టింది, చూసుకుంది, కదిలింది. ఒకచోట చక్రం దిగబడితే రెండు కాళ్లతో నెట్టుకుంటూ బాతులా నడిపించింది. గాలిలో ఉప్పు తగిలాక దిబ్బలు తగ్గాయి, కాసేపటికి సముద్రం కనిపించింది. అలలు తడిపి గట్టిపరిచిన ఇసుక మీద బండిని వదిలేసింది. నీళ్లు కాళ్ల మీద చిమ్మాయి. అంత సంతోషం ఆవిడకి చిన్నప్పుడు కూడా కలగలేదు. ఎవరికో చూపించాలని కాదు, ఊరికే కేక పెట్టింది.

తీరాన చేపల పడవలకి ఐసు నింపే షెడ్డు ఉంది. అక్కడిదాకా వెళ్లి వెనక్కి తిరుగుతానని మేనకోడలికి చెప్పి వచ్చింది. షెడ్డు పక్కన తమ్ముడి పికప్పు ఆగి ఉంది. వెనక తాళ్లు, బండి ఎక్కించే చెక్క బల్ల సిద్ధంగా ఉన్నాయి. తమ్ముడి పక్కన తాటిచెట్టంత పొడుగు మనిషి నిలబడి ఉన్నాడు.

"వచ్చేశావా అక్కా!" అన్నాడు తమ్ముడు. నిజంగానే వాడి మొహం వెలిగింది. తర్వాత ఆవిడ చూపు తాళ్ల మీదికి పోవడం గమనించి తడబడ్డాడు. "నువ్వు దారిలోనే ఆగిపోతావేమో, ఎటూ రావాల్సి వస్తుందని తారు రోడ్డున వచ్చాం. ఈయన బండి చూస్తానన్నాడు. ఎలాగూ వస్తున్నాం కదా అని…"

"ఎవరి చెయ్యీ పడకుండా అన్నావు. నేను పడకముందే లేపే చెయ్యి తెచ్చుకున్నావా?"

వాడు సీటు చూశాడు. "ఇదేంటి, కోసేశావా! నేను చెప్పలేదూ? మొదటి రోజే చెప్పలేదూ?"

"చెప్పావు. నువ్వు దిగిపొమ్మని చెప్పావు. నేను ఎక్కడానికి కోశాను."

వాళ్ల గొడవ తనకెందుకన్నట్టు కొనేవాడు బండెక్కి కూర్చున్నాడు. మోకాళ్లు పైకి లేచి దాదాపు మోచేతులకి తగిలాయి. అటూ ఇటూ కదిలి చూసుకుని దిగిపోయాడు.

"ఇలా అయితే నాకు పనికిరాదయ్యా. ఇది ఆవిడ కొలతకి చేసుకున్న బండి. పాత సీటు ఉంటే చెప్పు."

"అదెంత పని!" అన్నాడు తమ్ముడు. "ఊళ్లో ఆ పని చేసేది మా అక్క ఒక్కతే. స్పాంజి వేసి గంటలో కుట్టేస్తుంది. ఏమక్కా?"

ముప్పై ఏళ్లుగా ఎవరు సీటు తెచ్చినా కాదని పంపలేదావిడ. జ్వరంలో కుట్టింది, పండుగనాడు కుట్టింది, విరిగిన ఎముకకి కట్టుతో ఒంటిచేత్తో కూడా కుట్టింది.

"కుట్టను," అంది.

"అదేంటక్కా…"

"కుట్టనన్నానా? కాగితం నీ దగ్గరుంది, చేతులు నా దగ్గరున్నాయి. రేపు నువ్వూ నేనూ వెళ్లి ఆ కాగితం కూడా నా పేరుకి మార్పిస్తున్నాం."

కొనేవాడు మెల్లగా వెళ్లి పికప్పులో కూర్చున్నాడు. తమ్ముడు ఇసుకలో చెప్పుతో గీతలు గీస్తూ నిలబడ్డాడు. "సరే," అన్నాడు. "సరేలే అక్కా. కానీ వెళ్లేటప్పుడు బండి ఇందులో ఎక్కిద్దాం. గాలి లేస్తోంది. దారి కనపడదు. మళ్లీ పడితే?"

సీటక్క బండెక్కి స్టాండు తన్నింది.

"నువ్వు నన్ను ఒక్కసారి లేపావురా. ఇన్నాళ్లు ఊరందరికీ చెప్పుకున్నావు. పొద్దుట్నుంచి నన్ను నేను ఎన్నిసార్లు లేపుకున్నానో ఎవరికైనా చెప్పానా?"

వాడు నోరు తెరిచేలోపు బండి దిబ్బల వైపు తిరిగింది.