మామ్మ తలుపు తట్టిన రోజు

నిన్న సాయంత్రం మా అమ్మాయి ఫోన్‌కి స్కూల్ వాళ్ళ మెసేజ్ వచ్చింది, మంచు పడే సూచన ఉంది కాబట్టి రేపు సెలవని. నార్త్ కరోలినాలోని ఈ క్యారీ ఊళ్ళో ఏడాదికొక్కసారి మంచు పడితే గొప్ప. అది పడకముందే ఊరంతా ఇళ్ళల్లో దాక్కుంటుంది, కొట్లలో పాలూ రొట్టే మాయమైపోతాయి. పొద్దున లేచి చూస్తే గడ్డి గడ్డిలాగే ఉంది, ఒక్క మంచు రేకు పడలేదు. మా మనవరాలు మాత్రం సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, "అమ్మమ్మా, మమ్మీ చిన్నప్పుడు స్నో డేస్ ఉండేవా? ఏం చేసేవాళ్ళు?" అని అడిగింది. వంటింట్లో కాఫీ కలుపుతున్న మా అమ్మాయి తలెత్తి నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ కాఫీలో పడిపోయింది. నేను మనవరాలికి మంచుతో చేసే ఐస్‌క్రీం సంగతి చెప్పి ఊరుకున్నాను. దానికి చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

డెబ్బైల చివర మేము ఒహాయోలో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. నేను గుంటూరు వైపు మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుని వచ్చినదాన్ని. మావారు మూడు గంటల దూరంలో ఉన్న యూనివర్సిటీలో చదువుకుంటూ శనివారాలు మాత్రం ఇంటికొచ్చేవారు. అమ్మాయికి తొమ్మిదేళ్ళు, అబ్బాయికి ఆరు. చలికాలం పొద్దున్నే వంటింట్లో రేడియో పెట్టుకుని ముగ్గురం నిలబడేవాళ్ళం. ఆ రోజు మూసేసిన బళ్ళ పేర్లు అక్షరక్రమంలో చదివేవారు. మా బడి పేరు చివరెక్కడో వచ్చేది, అందాకా పిల్లలు ఊపిరి బిగబట్టి, నేను ప్రార్థన చేసుకుంటూ. వాళ్ళు కోరుకునేది మూసేయాలని, నేను కోరుకునేది తెరవాలని. ఒకే ఇంట్లోంచి రెండు రకాల మొరలు వినాల్సి వచ్చిన ప్రభువు ఎక్కువసార్లు పిల్లల పక్షమే వహించేవాడు. బడికి సెలవుంటుంది గాని ఆసుపత్రికి ఉండదు కదా. రోడ్లు మూసుకుపోయిన రోజుల్లో నర్సుల్ని ఎక్కించుకుపోవడానికి ఊళ్ళోవాళ్ళే జీపులు తెచ్చేవారు. తెల్ల మేజోళ్ళ కింద ఉన్ని మేజోళ్ళు, వాటిమీద రొట్టె కొన్నప్పుడొచ్చే ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, ఆపైన బూట్లు ఎక్కించి, నడుస్తుంటే కరకరమని చప్పుడు చేసుకుంటూ నేను జీపెక్కేదాన్ని.

పిల్లల్ని పక్కింటావిడ చూసుకునేది. డెబ్బై ఏళ్ళు దాటిన అమెరికన్ మనిషి, భర్త పోయాడు, ఉన్న ఒక్క కొడుకూ అరిజోనాలో. పెద్దవాళ్ళని పేరుతో పిలవకూడదని పిల్లల చేత మామ్మా అని పిలిపించాను. ఆవిడ అది ఇంగ్లీషులో అమ్మని పిలిచే మామా అనుకుంది. ఈ వయసులో మళ్ళీ తల్లినయ్యానని మురిసిపోయి, చర్చిలో అందరికీ చెప్పుకుంది. అసలు అర్థం నేను చెప్పినప్పుడు ఇంకా సంతోషించింది. సెలవు రోజుల్లో పిల్లలకి టమాటా సూపు కాచి పెట్టేది, చీజ్ పెట్టిన రొట్టెలు కాల్చేది. అప్పుడే పడిన మంచుని పెద్ద గిన్నెలో తీసుకుని పాలూ పంచదారా వెనిల్లా వేసి గబగబా కలిపి ఇచ్చేది. నేను సాయంత్రం వెళ్ళేసరికి వాళ్ళింట్లో హీటరు మీద ఆరేసిన ఉన్ని గ్లవుజుల తడి వాసన, దాంతో కలిసిన సూపు వాసన. పిల్లలు ఇంటికి రామనేవారు. నాకది సంతోషంగానే ఉండేది. పూర్తిగా సంతోషంగా ఉండేదని మాత్రం చెప్పలేను.

ఒక జనవరిలో వరసగా నాలుగు రోజులు బడి లేదు. మూడోరోజు పొద్దున అబ్బాయి కాస్త నలతగా కనిపించాడు. నుదురు ముట్టుకుని, జలుబే అనుకుని, సిరప్ సీసా మామ్మ చేతికిచ్చి జీపెక్కాను. సాయంత్రం వచ్చేసరికి వాడి ఒళ్ళు కాలిపోతోంది. మామ్మ వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డ వేస్తోంది. ఆవిడ భయపడిపోయి ఉందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు ఆవిడ మాట మాత్రమే వినిపించింది. "ఊళ్ళోవాళ్ళందరి జ్వరాలూ చూస్తావు, సొంత బిడ్డ జ్వరం నీకు కనపడలేదా?" అంది, పిల్లల ముందే.

పన్నెండు గంటలు నిలబడి వచ్చినదాన్ని. మంచు తినిపిస్తే జ్వరం రాక ఏమొస్తుందన్నాను. మంచు తింటే జ్వరం రాదని నర్సుగా నాకు తెలుసు, అయినా అన్నాను. ఆవిడ ముఖం ఎర్రబడింది. నేను అబ్బాయిని ఎత్తుకుని, ఇన్నాళ్ళూ చేసినదానికి థాంక్స్, ఇకనుంచి మేమే చూసుకుంటామని, ఇంగ్లీషులో నాకు చేతనైనంత మర్యాదగా చెప్పి వచ్చేశాను. ఆ మర్యాదే ఎక్కువ గుచ్చుకుని ఉంటుంది.

అబ్బాయికి రెండు రోజుల్లో తగ్గిపోయింది. నాకు తగ్గలేదు. తాళంచెవి బూటు లేసుకి కట్టి అమ్మాయి మెడలో వేశాను. బడి లేని రోజు నేను వచ్చేదాకా పొయ్యి వెలిగించకూడదు, బయటికెళ్ళకూడదు, ఎవరొచ్చినా తలుపు తీయకూడదు. మామ్మ వచ్చినా తీయొద్దా అని అడిగింది అమ్మాయి. మామ్మ వచ్చినా సరే అన్నాను. దేవుడి ముందు మోకరించినప్పుడల్లా నా మాట తొందరని క్షమించమని అడుగుతూనే ఉన్నాను. ఆయనకి ఎటూ తెలుసు. తెలియాల్సింది పక్కింట్లో మనిషికి.

ఫిబ్రవరిలో మళ్ళీ బడి మూశారు. రాత్రి కురిసిన వాన నేలమీద గడ్డకట్టి, దానిమీద మంచు కప్పేసింది. మధ్యాహ్నం రెండింటప్పుడు వార్డులో నాకు ఫోనని పిలిచారు. అమ్మాయి గొంతు.

"అమ్మా, మామ్మ మన స్టెప్స్ మీద పడిపోయింది. లేవలేకపోతోంది." తర్వాత, "అమ్మా, నేను డోర్ ఓపెన్ చేశాను. కోప్పడకు."

మామ్మని కదిలించకుండా దుప్పట్లు కప్పమన్నాను. మా హెడ్ నర్సు ఇంకో ఫోన్లో అంబులెన్సుకి చెప్పింది. అది ఆ మంచులో మా వీధికి చేరడానికి ముప్పావుగంట పట్టింది. జరిగినదంతా అమ్మాయి తర్వాత చెప్పింది. మామ్మ సూపు గిన్నె పట్టుకుని మెల్లగా మా ముంగిట్లోకి వచ్చి తలుపు తట్టింది. ఇద్దరూ కర్టెన్ వెనకాల నిలబడ్డారు. తమ్ముడు తీస్తానంటే అమ్మాయి వాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. మామ్మ పేర్లు పెట్టి పిలిచింది, బాగున్నారా అని తలుపులోంచే అడిగింది, వీళ్ళు పలకలేదు. గిన్నె మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగిన ఆవిడ రెండో మెట్టు మీద జారింది. అమ్మాయి కొంచెంసేపు అలాగే నిలబడిపోయిందట. ఆ కొంచెంసేపు ఎంతో నేను ఎప్పుడూ అడగలేదు. తర్వాత తలుపు తీసి, ఉత్త మేజోళ్ళతో పరిగెత్తి, తన బొంత తీసుకెళ్ళి కప్పింది. అబ్బాయి మామ్మ టోపీ ఏరి తెచ్చి తలకి పెట్టాడు.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయిన మర్నాడు ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళాను. చిన్నబోయిన ముఖం, జుట్టు దువ్వుకోకుండా ఆవిడని ఎన్నడూ చూడలేదు. నేను నోరు తెరవకముందే ఆవిడే నా మణికట్టు పట్టుకుని, "పిల్లని ఏమీ అనకు. తలుపు తీసింది కదా," అంది.

అలాగేనన్నాను. నాడి చూశాను, జ్వరం చూశాను, దిండు సరిచేశాను, జుట్టు దువ్వాను. నర్సు చేయాల్సినవన్నీ చేశాను. చెప్పాల్సిన మాట గొంతుదాకా వచ్చింది. ఇంతలో డాక్టరు వచ్చాడు, ఆ తర్వాత ఆవిడ నిద్రపోయింది. ఆవిడ ఇంటికొచ్చాక తీరిగ్గా కూర్చుని చెప్పొచ్చులే అనుకున్నాను. కొడుకు ఆవిడని ఇంటికి తీసుకురాలేదు. ఆసుపత్రి నుంచి నేరుగా విమానమెక్కించి, అరిజోనాలో మంచన్నదే ఎరగని చాండ్లర్‌లో తన దగ్గర పెట్టుకున్నాడు. మార్చిలో ఎవరో వచ్చి ఇంటి సామాన్లు లారీకి ఎక్కిస్తుంటే పిల్లలు కిటికీలోంచి చూశారు.

ప్రతి క్రిస్మస్‌కీ కార్డు పంపేదాన్ని. పిల్లలు ఏ క్లాసులో ఉన్నారో, ఎంత ఎత్తయ్యారో రాసేదాన్ని. ఆవిడ వణికే అక్షరాలతో, ఇక్కడ నిమ్మచెట్టు కాసిందనీ, కర్ర లేకుండా పెరట్లోకి వెళ్తున్నాననీ జవాబు రాసేది. ఫోన్ నంబరు కూడా నా దగ్గరుంది. మేము ఒహాయో వదిలి ఈ కరోలినాకి వచ్చిన ఏడాది జవాబు కొడుకు రాశాడు, అమ్మ వేసవిలో వెళ్ళిపోయిందని, చివరిదాకా మీ పిల్లల ఫోటో మంచం పక్కనే ఉండేదని.

ఆ ఉత్తరం చదివాక వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను. తప్పు నాదే మామ్మా అని చెప్పడానికి అరనిమిషం పట్టదు. నాకు ఏడేళ్ళ టైమ్ దొరికింది.