ఎనుముబండ మడుగులో రెండు పైపులు

మా అక్కను తుంగభద్ర అవతలి గట్టుకు ఇచ్చినప్పుడు అది పక్క ఊరు. తరవాత పక్క రాష్ట్రమైంది. డోన్ స్టేషన్లో రైలు మారాలన్నా సంచి ఎత్తుకుని లేవాలి కదా, అక్క మాత్రం చాటలో బియ్యం ఏరుకుంటూ కూర్చున్న చోటు నుంచి కదలకుండానే రాష్ట్రం మారిపోయింది. గాలి మావైపు తిరిగితే అక్క పెట్టిన తిరగమోత వాసన మా మిద్దె మీదికి వచ్చేది. ఇంతవరకు చెబితే అందరూ నమ్మేవాళ్లు. అందులో వెల్లుల్లి ఎన్ని రెబ్బలు వేసిందో కూడా మా చిన్నమ్మ చెప్పేసేదని అంటే మాత్రం కొందరు లేచి వెళ్లిపోయేవాళ్లు.

ఎండాకాలంలో మా దగ్గర తుంగభద్రను నది అనడానికి కొంచెం ధైర్యం కావాలి. గట్టు నుంచి గట్టుకు ఇసుకే. నడుమ ఎనుము పడుకున్నట్టు ఒక నల్లబండ, దాన్ని ఆనుకుని ఒక మడుగు. పైనున్న ఆనకట్టల్లో ఎవరెంత ఆపుకోవాలో, ఎవరెంత వదలాలో తేల్చమని పెద్దవాళ్లు ఢిల్లీకి ఉత్తరాలు రాసుకుంటుంటారు. గేట్ల దగ్గర రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడడం మేమూ టీవీలో చూశాం. వాళ్ల కాళ్ల సందుల్లోంచి జారిన నీళ్లు అంత దూరం నడిచి వచ్చి, ఈ మడుగులో కూలబడి ఊపిరి పీల్చుకునేవి. ఆ నీళ్లలో మా ఊరి మోటారు పైపు ఒకటి, అక్కవాళ్ల ఊరి మోటారు పైపు ఒకటి ఉండేవి.

సరిహద్దు ఎక్కడో ఎవరికీ తెలియదు. సరిగ్గా ఎనుముబండ నడివీపు మీదుగా పోతుందని మా చిన్నాయన అనేవాడు. కాదు, బండ మొత్తం తమదేనని, గీత దానికి మావైపున ఉందని మా బావ అనేవాడు. ప్రతి వరదకూ ఆ బండ జానెడు చొప్పున అవతలికి జరుగుతోందని, నా కళ్లతో చూశానని ఒకసారి నేనన్నాను. బండతోపాటు గీతా అటు జరిగితే మా వైపు పెరుగుతుందని చిన్నాయన నాకు కాఫీ ఇప్పించాడు. బావ ఆ పండక్కి నాతో మాట్లాడలేదు.

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. నాన్న పోయాక అక్కకు పుట్టిల్లంటే ఆయన ఇల్లే. మా గట్టు రైతులు ఆయన మాట వింటారు. ఆ గట్టు రైతులు బావ మాట వింటారు. బావ మాట అక్క వింటుందా అని నన్నడక్కండి. కర్నూలు రోడ్డులో నాకు మోటార్లు బాగుచేసే షాపుంది. భుజాన స్పానర్ల సంచి ఉంటే ఏ రాష్ట్రంలోకి వెళ్లినా మంచినీళ్లిచ్చి కూర్చోబెడతారు కాబట్టి, రెండు గట్ల మధ్యా రాయబారం నాకే పడింది.

ఆ ఏడు అక్క బుడ్డలు వేసింది. మా వైపు వేరుశనగను అలాగే అంటాం. నీళ్లు చాలవు, చేను బీడు పెడదామని బావ అన్నాడు. అక్క వినలేదు. విత్తనాలు తనే వలిచింది, కలుపు తనే తీసింది, అడవిపందులను తనే తరిమింది. పంట బావను వెక్కిరించడానికే పుట్టినట్టు వచ్చింది. ఇక పీకడమే మిగిలింది. అయితే పీకే ముందు చేనుకు ఒక తడి ఇవ్వాలి. లేకుంటే నేల బిగుసుకుపోతుంది. చెట్టు పట్టి లాగితే ఆకు చేతికొస్తుంది, కాయలు మట్టిలోనే ఉండిపోతాయి. అక్కకు కావలసింది ఆ ఒక్క తడి. అది దక్కకపోతే పంట పోవడం ఒక ఎత్తు, 'నేను ముందే చెప్పలేదా' అని బావ బతికినన్నాళ్లూ అనడం ఇంకొక ఎత్తు.

మడుగు తగ్గేకొద్దీ రెండు గట్లకూ ఒకే జబ్బు పట్టుకుంది. ఎవరికి వాళ్లకు నీళ్లు ఎదుటివాళ్ల పక్కనే లోతుగా కనిపించసాగాయి. ఒక మధ్యాహ్నం ఆ గట్టువాళ్లు సంకటి తిని కునుకు తీస్తుండగా, చిన్నాయన తన పైపుకు ఇంకొక ముక్క అతికించి మూతిని అవతలి పక్క నీళ్లలో పడేయించాడు. మరొక మధ్యాహ్నం మావాళ్లు గురకపెడుతుండగా బావ తన పైపు మూతిని ఇవతలి పక్కకు తెచ్చి ముంచాడు. ఎవరి తెలివికి వాళ్లు మీసం దువ్వుకున్నారు. మా పైపు వాళ్ల దగ్గర, వాళ్ల పైపు మా దగ్గర. రెండూ ఎనుముబండ పక్కన ఒకదాని మీదుగా ఒకటి దాటి పోయాయి.

నాకీ సంగతి తెలియదు. ఒకరోజు పొద్దున్నే చిన్నాయన ఫోన్ చేశాడు.

“మోటరు అరుస్తాండాది గానీ నీళ్లు రాలే. యాడో గాలి పడతాండాది. బిన్నా రా.”

బిన్నా అంటే తొందరగా అని. నేను బండి తీసేలోపే బావ ఫోన్ వచ్చింది. ఆయనదీ అదే జబ్బు. ఇసుకలో దిగి చూస్తే జబ్బేమిటో తెలిసింది. పైపు చివర ఫుట్‌వాల్వ్ అని జల్లెడ మూతి ఒకటి ఉంటుంది. అది నీళ్లలో మునిగి ఉంటేనే మోటారు నీళ్లు లాగుతుంది. రెండు పైపులకూ ఆ మూతులు లేవు. తమ గట్టు కింద పరాయి మూతి కనబడేసరికి చిన్నాయన బావది ఊడదీయించి ఇంటికి పట్టుకుపోయాడు. బావ చిన్నాయనది ఊడదీసి తన వేపచెట్టుకు వేలాడదీశాడు. రెండు మోటార్లూ ఆగిపోయాయి. మడుగు మాత్రం నడుమ హాయిగా మెరుస్తూ కూర్చుంది.

నేను ఆ ఎండలో ఇసుక మీద అటూ ఇటూ తిరిగాను. వాళ్లు ముందు పైపు తీస్తేనే మాటలని చిన్నాయన షరతు. దాన్ని మోసుకుని అవతలికి పోతే, బావ అదే షరతును, నేను ఇంకా చెప్పకముందే, అవే మాటల్లో చెప్పాడు. ఇట్లా కాదనుకుని, మడుగులో మొసలి ఉందని రెండు గట్లకూ చెప్పాను. నా సైకిలంత పొడవుందన్నాను. అవతలి గట్టుకు చేరేసరికి అది మోటారు సైకిలంత అయింది. భయపడి ఇద్దరూ పైపులు లాక్కుంటారని నా ఆశ. ఏం లాభం? మా పైపు కొరకడానికి వాళ్లే దాన్ని తెచ్చి వదిలారని చిన్నాయన అన్నాడు. మొసలి ఉన్నది ఆంధ్ర పక్క గనక దాని బాగోగులు మీరే చూసుకోవాలని బావ అన్నాడు. లేని మొసలి మీద కూడా తగాదా మొదలైంది.

ఆ రోజు అక్కను చేలో కలిశాను. నన్ను చూసి ఒక చెట్టు పట్టి లాగింది. ఆకు మొత్తం చేతికొచ్చింది. వేరుకు రెండే కాయలు. తక్కినవి మట్టిలో చిక్కుకుపోయాయి. కొడవలి మొనతో గెలికి ఒక కాయ తీసి, తుడిచి నా చేతిలో పెట్టింది.

“మొసలి కథలు సాలుగానీ అబ్బీ, చిన్నాయనకు నా మాటగా చెప్పు. ఎల్లుండి ఒడిబియ్యానికి వస్తాండా అను.”

ఆడబిడ్డ పుట్టింటికి వచ్చి పీట మీద కూర్చుని కొంగు పడితే, పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం, కొబ్బరి, రవికగుడ్డ ఒడిలో పోసి పంపడం మా దగ్గర ఆనవాయితీ. అక్కకు అది చాలా ఏళ్లుగా బాకీ ఉంది. చిన్నాయన కాదనలేకపోయాడు. బావకూ అనుమానం రాలేదు. పండగపూట యుద్ధం ఆగినట్టే అనుకుని పంపించాడు. అక్క కొత్తచీర కట్టుకుని, ఇసుక దాటి, బండ దగ్గర రెండు పైపులనూ ఒకే అంగలో దాటుకుని వచ్చింది.

చిన్నమ్మ పీట వేసింది. అక్క తూర్పుముఖంగా కూర్చుని కొంగు పరిచింది. ఇంటిపెద్ద గనక చిన్నాయన ముందుగా దోసిలి నిండా బియ్యం ఎత్తాడు. సరిగ్గా అప్పుడు అక్క కొంగు మూసేసింది.

“బియ్యం వద్దు చిన్నాయనా. మా ఇంట్లో ఉండాయి.”

ఒడిలో పోయడానికి ఎత్తిన బియ్యం తిరిగి చాటలో పోయకూడదు. పోస్తే ఇంటికి మంచిది కాదు. అక్కేమో కొంగు తెరవదు. చిన్నాయన రెండు చేతుల్లో బియ్యంతో అలా వంగి నిలబడిపోయాడు.

“మరేం గావాల పాపా? చీరె నచ్చలేదా?”

“నీళ్లు పోయి. నా బుడ్డలకు ఒక్క తడి.”

చిన్నమ్మ పసుపుగిన్నె పట్టుకుని గోడవైపు తిరిగి నవ్వుకుంటోంది. చిన్నాయన నావైపు చూశాడు. నేను స్పానర్ల సంచిలో దేనికోసమో వెతకసాగాను.

“నీ మొగుడు నేర్పించి పంపినాడా?”

“ఆయనకు తెలిస్తే నన్ను ఏరు దాటనిచ్చునా?”

“ఒకరికిస్తే రేపు ఆ రాష్ట్రమంతా వచ్చి కొంగు పడతాది.”

“నా అంతట నేను ఆ రాష్ట్రానికి పోయినానా? సంబంధం చూసొచ్చింది నువ్వే గదా. పిల్లోడు శానా నెమ్మదస్తుడు అంటివి.”

వంగి వంగి ఆయనకు నడుం నొప్పి మొదలైంది. ముక్కు మీద ఈగ వాలింది. తోలుకుందామంటే చేతులు ఖాళీ లేవు. ముక్కు ఎగరేశాడు, తల ఆడించాడు. ఆ ఈగ ఏ రాష్ట్రానిదో గానీ కదల్లేదు. దోసిలి సందుల్లోంచి ఒక్కొక్క గింజే జారుతోంది. చివరికి చిన్నమ్మే అంది:

“ఏదో ఒకటి చెప్పప్పా. అన్నం సల్లారిపోతాండాది.”

“సరే తల్లీ, ఒక తడి. ఆ తరవాత వంతు నా వరికి.”

అక్క వెంటనే కొంగు తెరిచింది. బియ్యం పడింది, కొబ్బరి పడింది, రవికగుడ్డ పడింది. చిన్నాయన లోపలికి పోయి బావ ఫుట్‌వాల్వ్ తెచ్చాడు. ఒడిలో పడేది ఏదైనా బోసిగా పడకూడదని చిన్నమ్మ దానికి పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టింది. పెళ్లికూతురిలా తయారైన ఆ ఇనుపముక్కను అక్క ఒడిలో బియ్యం మీద పెట్టారు. బరువుకు కొంగు చిరుగుతుందని ఏరు దాటేటప్పుడు నేనే మోశాను.

బొట్టుతో తిరిగొచ్చిన తన ఫుట్‌వాల్వ్‌ను బావ అటూ ఇటూ తిప్పి చూశాడు. తరవాత, ఒకరు ఒడిలో పోసిన నీళ్లు తన చేనుకు అక్కర్లేదన్నాడు.

“బీడు పెడతానన్న చేను నీది,” అంది అక్క. “బుడ్డలు నావి.”

అంతటితో అయిపోలేదు. ఒడిబియ్యం వండి పుట్టింటివాళ్లను పిలిచి అన్నం పెట్టాలి, అది కూడా ఆనవాయితీయే. వాళ్ల సామాను మన వేపచెట్టుకు వేలాడుతుండగా వాళ్లనే భోజనానికి ఎలా పిలుస్తాం? బావ చెట్టు దగ్గరికి పోయి దాన్ని దించాడు. నన్ను పక్కకు పిలిచి, మనమూ పసుపూ బొట్టూ పెట్టాల్నా అని గొంతు తగ్గించి అడిగాడు. పెట్టకపోతే తప్పని, మా వైపు మోటారుకు పూలదండ కూడా వేస్తారని చెప్పాను. పూలదండ కోసం కాసేపు వెతికాడు కూడా.

రెండు మూతులనూ నేనే బిగించాను, ఉన్నచోటనే. పైపులు వెనక్కి తీయమని ఎవరూ అడగలేదు. బావ మోటారు మొదట ఆవులించి, దగ్గి, తరవాత ధారగా పోసింది. అక్క కాలువ గట్టున పారతో నిలబడి చివరి సాలు దాకా తనే తడిపింది. నేల పదునుకొచ్చాక ఒక చెట్టు పట్టి మెల్లగా లాగితే, బురద కారుతూ కాయలన్నీ గుత్తిగా పైకొచ్చాయి. అక్క ఆ చెట్టును అలాగే పట్టుకుపోయి, అరుగు మీద కూర్చున్న బావ పక్కన పెట్టి, మళ్లీ చేలోకి వచ్చేసింది.

భోజనాల రోజు మా గట్టంతా ఏరు దాటింది. ఒడిబియ్యం అన్నం, పప్పు, పెద్ద గంగాళం నిండా ఉడకబెట్టిన పచ్చిబుడ్డలు. మామా అల్లుళ్లు ఒకే వరసలో కూర్చున్నా, ఒకరితో ఒకరు నా ద్వారానే మాట్లాడుకున్నారు. బుడ్డల్లో ఉప్పు సరిపోయిందని చిన్నాయన నాకు చెప్పాడు, నేను బావకు చెప్పాను. వెళ్లేటప్పుడు పుట్టింటివాళ్లను ఒట్టిచేతులతో పంపకూడదని అక్క లోపలి నుంచి కేకేసింది. చిన్నాయన కొంచెం సిగ్గుపడుతూ భుజం మీది తువ్వాల తీసి రెండు చేతులతో పరిచి పట్టుకున్నాడు. బావ గంపలోంచి దోసిలి నిండా బుడ్డలు ఎత్తాడు. ఎత్తి, తువ్వాల మీద ఆపేశాడు.

“మొదట చెప్పు మామా. గీత బండకు ఏ పక్క పోతాది?”

చిన్నాయన తువ్వాల దించలేదు. బావ చేతుల వైపు చూశాడు, వేళ్ల సందుల్లోంచి అప్పుడే ఒక కాయ జారుతోంది.

“ముందు పోయప్పా. తింటా పోయి చూద్దాం.”