నాలుగు చక్రాల సవతి

లెక్కల మాస్టారికి ఉన్నది ఒకటే పిచ్చి: తన పాతకాలం కారు వెనక బ్రేకులు. ఊపిరి పీల్చడమైనా మరిచిపోతారేమో గానీ, ఆదివారం పొద్దున్నే ఆ కారు కింద దూరడం మాత్రం మరిచిపోరు.

మాస్టారి భార్యకు ఆ కారంటే ఒళ్ళు మంట. మనిషి సవతి అయితే జుట్టు పట్టుకుని నాలుగు దులపొచ్చు. దీనికి జుట్టు కూడా లేదాయె.

"కొంచెం ఓర్చుకో తల్లీ, అయిపోతుంది" అని కారు కింద నుంచి మాస్టారి గొంతు గోముగా వినిపించేది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో తనకు తలనొప్పి వస్తే "మాత్ర వేసుకో" అనడమే గానీ, ఒక్కసారైనా ఇలా బుజ్జగించిన పాపాన పోలేదు.

పైగా ఆ సేవలో ఆవిడకూ వాటా.

"ఏమోయ్, ఎక్కి బ్రేకు తొక్కు!"

తొక్కేది.

"వదులు!"

వదిలేది. జాకీ మీద లేచిన వెనక చక్రాన్ని ఆయన చేత్తో తిప్పి, చెవి దగ్గరగా పెట్టి, లోపల రాసుకునే చప్పుడు వినేవారు. చక్రం కదలకుండా పట్టేసేదాకా రెంచీతో బిగించి, మళ్ళీ ఒక్క పిసరు వదులు చేసేవారు. "ఊహూ, కుదరలేదు. మళ్ళీ తొక్కు!"

"నా గుండె మీద ఏనాడైనా ఇలా చెవి పెట్టారా?"

"నీది బాగానే కొట్టుకుంటోందిగా! తొక్కు."

అంతే, ఆవిడ పంతానికి పోయింది. మాస్టారు కారు కింద ఉండగానే, పాత కార్లు కొనే ఆయన్ని పిలిపించింది. కారో తనో, ఇవాళ తేలిపోవాలి.

వచ్చినాయన సీట్లో కూర్చోగానే మోకాళ్ళు స్టీరింగుకి కొట్టుకున్నాయి. "సీటు ఇంత ముందుకి జరిపారేంటమ్మా? మాస్టారు ఆరడుగుల మనిషి కదా?" బ్రేకు తొక్కి మరీ ఆశ్చర్యపోయాడు. "కాలు ఆనిస్తే చాలు, పైనే పట్టేస్తోంది! ఇది ఆయన కోసం కుదిర్చింది కాదు. కాలు కిందిదాకా అందనివాళ్ళ కోసం. మీ ఇంట్లో పొట్టివాళ్ళెవరు?"

ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఆవిడ ఐదడుగులకు రెండంగుళాలు తక్కువ.

మాస్టారు ముక్కు నిండా గ్రీజుతో బయటికి పాకారు. "మీ అక్కయ్య ఇంటికి వెళ్ళాలన్నా నన్ను బతిమాలాల్సొస్తోందని ఆ రోజు ఏడ్చావు కదా. నడపడం నేర్పుదామంటే నీ కాలు అంత దూరం పోదాయె. కుదిరాక చెబుదామనుకున్నా."

"ఈ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా!" అంది ఆవిడ, కొంగుతో ఆయన ముక్కు తుడుస్తూ. వచ్చినాయన చప్పుడు చేయకుండా జారుకున్నాడు.

రెండు నెలల పాఠాలయ్యాక ఒక ఉదయం ఆవిడ కారును వీధిలోకి తీసి, బ్రేకు మీద కాలు ఆనించింది. బండి బుద్ధిగా ఆగింది.

"శభాష్!" అన్నారు పక్కనున్న మాస్టారు.

"దిగండి."

"ఎందుకూ?"

"అక్కయ్య దగ్గరికి మేమిద్దరం వెళ్ళొస్తాం."

కారు మలుపు తిరిగింది. నడిరోడ్డు మీద నిలబడ్డ మాస్టారికి జీవితంలో మొదటిసారి కుళ్ళు పుట్టింది. అది ఎవరి మీదో మాత్రం ఎంతకీ తేల్చుకోలేకపోయారు.