వీధి నడుమ పాతర

మా ఊళ్లో ఎదురింటి అవ్వ మొన్న కన్నుమూసింది. ఫోనులో ఆ మాట వినగానే నా చెవిలో మోగింది ఆమె కేకే. "ఆడ కాలు పెట్టొద్దప్పా! కింద పాతర ఉండాది."

పాతరంటే ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు. గింజలు దాచుకునే నేలగొయ్యి. అవ్వ వాళ్లది వాళ్లింటి ముందు, వీధి నడిమధ్యలో ఉంది. పైకి కనిపించేది మూత బండ ఒక్కటే. కల్లూరులో ఇళ్ల ప్లాన్లు గీసి బతికేవాణ్ణి, దాన్ని చూస్తూ ఊరకే ఉండలేకపోయాను. ఒక వేసవిలో పట్టుబట్టి బండ తీయించాను.

"ఆగప్పా, అది ఊపిరి ఇడిసినంక దిగుదువు," అని, లోపలి చెడుగాలి పోయేదాకా అవ్వ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, ఖాళీగా ఎందుకుండాలని శెనక్కాయలు ఒలిపించింది.

నిచ్చెన వేసుకుని దిగాను. మూతి నా భుజాలు పట్టేంత ఇరుకు, లోపల కడుపు గదంత వెడల్పు. పెద్ద కుండను నేలలో పాతిపెట్టినట్టుంది. చుట్టూ రాతి కట్టడం. సున్నం లేదు, సిమెంటు లేదు. రాళ్ల సందుల్లో ఇంకా జొన్నసొప్ప పోగులు. ఎంత తడిమినా ఎక్కడా చెమ్మ తగల్లేదు.

"నీళ్లెట్ల దిగలేదవ్వా?" అని కిందినుంచి అరిచాను.

"నాకేం ఎరక? కట్టినోళ్లను అడుగు పో!" అని పైనుంచి నవ్వింది.

వీధిలో ఆ చోటు మిట్ట అని, వాననీరు రెండు పక్కలకూ జారిపోతుందని తర్వాత గమనించాను. అయినా అనుమానం తీరలేదు. వాళ్ల పెరడూ మిట్టే కదా, మరి వీధిలో ఎందుకు తవ్వినట్టు?

దానికి మాత్రం ఆమె దగ్గర జవాబుంది. "ఇంట్లో ఉంటే అవి మా గింజలప్పా. ఈదిలో ఉంటే, కరువులో వచ్చి అడిగేకి నలుగురికీ నోరొస్తాది. మా అత్త చెప్పింది." నిజమో కాదో నాకు తెలియదు. ఏ ప్లాను గీస్తున్నా ఆ మాట గుర్తొస్తూనే ఉంటుంది.

సిమెంటు రోడ్డు వచ్చినప్పుడు సర్పంచి పాతరను కంకరతో పూడ్చేద్దామన్నాడు. అవ్వ బండ మీద చాప వేసుకుని కూర్చుంది.

"గింజలే లేవు కదవ్వా, ఇంకేం పాతర?" అని అతను బతిమాలాడు.

"గింజలు లేకుంటే పాతర కాకుండా పోతాదా? నేనుండంగ పూడ్సనియ్యను. నేను పోయినంక మీ ఇష్టం."

చేసేది లేక బండ వదిలేసి చుట్టూ రోడ్డు వేశారు.

ఇప్పుడామె పోయింది. బస్సు దిగి వీధిలోకి రాగానే నా చూపు ముందు ఆ బండ మీదికే వెళ్లింది. ఇక దీన్ని కాచేదెవరనిపించి, అక్కడే నిలబడి ఏడ్చాను.

పాడె లేచింది. ముందు భుజం పట్టింది సర్పంచే. గడప దాటి వీధిలోకి వచ్చి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"పక్కకు రాండప్పా. ఆడ కాలు పెట్టొద్దు, కింద పాతర ఉండాది."

పాడె బండను చుట్టి వెళ్లింది. వెనక వస్తున్న జనమంతా ఒకరి వెంట ఒకరు అట్లాగే చుట్టి వెళ్లారు.